కాపీ ఉంది సరే, ఏ ప్రమాదానికి?

సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో గానీ, మన ఊళ్లో బస్టాండు పక్కనుండే రిపేరు షాపులో గానీ కంప్యూటర్‌ ఇవ్వగానే వచ్చే ప్రశ్న ఒకటే: "అన్నా, డేటా ఏమన్నా ఉందా, ఫార్మాట్‌ కొట్టేయమంటారా?" దానికి మనం చెప్పే జవాబులూ మూడు నాలుగే. డీ డ్రైవ్‌లో పెట్టాను. పెన్‌డ్రైవ్‌లో ఓ కాపీ ఉంది. గూగుల్‌ డ్రైవ్‌లోకి దానంతటదే వెళ్తుంటుంది. ఫొటోలన్నీ ఫోన్‌లో ఉన్నాయిగా. ఏ జవాబూ అబద్ధం కాదు. కాకపోతే ఒక్కొక్కటి ఒక్కో రకం ప్రమాదానికే పనికొస్తుంది. మనం మాత్రం అన్నిటికీ అదే చాలనుకుని నిశ్చింతగా ఉంటాం.

డీ డ్రైవ్‌ సంగతే చూడండి. సీలో విండోస్‌, డీలో మన ఫైళ్లు అనే అలవాటు విండోస్‌ 98, ఎక్స్‌పీ రోజుల నుంచి వస్తున్నదే. అప్పట్లో నాలుగు నెలలకోసారి విండోస్‌ పాడవడం, సీ డ్రైవ్‌ ఒక్కటే ఫార్మాట్‌ చేసి మళ్లీ ఎక్కించడం మామూలు. ఆ ఇబ్బందికి డీ డ్రైవ్‌ బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ చాలా లాప్‌టాప్‌లలో లోపల ఉండేది ఒక్కటే డిస్క్‌. సీ, డీ అనేవి దానిమీద గీసిన రెండు గళ్లు, అంతే. డిస్క్‌ పోతే రెండూ ఒకేసారి పోతాయి.

అందుకే బ్యాకప్‌ గురించి ఆలోచించేటప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌ మంచిది అన్న చోట మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. ముందు ఏం జరగొచ్చో అనుకోవాలి. డిస్క్‌ చెడిపోవచ్చు. మనమో పిల్లలో ఫైలు డిలీట్‌ చేయొచ్చు, లేదా మంచి ఫైలు మీద చెత్త సేవ్‌ చేయొచ్చు. వైరస్‌ రావచ్చు. లాప్‌టాప్‌ను దొంగ ఎత్తుకుపోవచ్చు, ఇల్లు వరదలో మునగొచ్చు. మన మెయిల్‌ అకౌంటే లాక్‌ అయిపోవచ్చు. వీటిలో ప్రతిదాన్నీ రెండు ప్రశ్నలతో కొలవొచ్చు. ఆ దెబ్బ ఎంత దూరం పాకుతుంది? అది మనకు ఎన్నాళ్లకు తెలుస్తుంది?

రెండో ప్రశ్నను దాదాపు ఎవరూ వేసుకోరు. డిస్క్‌ చచ్చిపోతే ఆ నిమిషమే తెలుస్తుంది. నిన్నటి కాపీ ఉంటే గట్టెక్కుతాం. అదే ఇంటి లెక్కల ఎక్సెల్‌ షీట్‌లో ఎవరో ఒక కాలమ్‌ చెరిపి సేవ్‌ చేసేశారనుకోండి. ఆ సంగతి మార్చిలో ఆడిటర్‌ అడిగినప్పుడే బయటపడుతుంది. అప్పటికి నిన్నటి కాపీలోనూ, మొన్నటి కాపీలోనూ ఉండేది చెడిపోయిన షీటే. అక్కడ కావాల్సింది మూడు నెలల కిందటి రూపం. బ్యాకప్‌ పద్ధతులన్నీ ఒకేలా కనిపించినా, నిజంగా తేడా పడేది ఇక్కడే.

సింక్‌ వేరు, బ్యాకప్‌ వేరు

వన్‌డ్రైవ్‌, గూగుల్‌ డ్రైవ్‌, డ్రాప్‌బాక్స్‌, ఐక్లౌడ్‌ చేసే అసలు పని సింక్‌. ఇక్కడ ఏముందో అక్కడా అదే ఉండేలా చూడటం. లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌ తీసేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది, రెండో కంప్యూటర్‌లోనూ పోతుంది. అది లోపం కాదు, దాని పనే అది. ఫోన్‌లో గూగుల్‌ ఫొటోస్‌ యాప్‌ తెరిచి, "ఇక్కడ తీసేసినా క్లౌడ్‌లో ఉంటాయిలే" అనుకుని ఫొటోలు డిలీట్‌ చేసేవాళ్లకు తగిలే దెబ్బ ఇదే. ఆ యాప్‌లో డిలీట్‌ కొడితే రెండు చోట్లా పోతాయి. ఫోన్‌లో జాగా మాత్రమే ఖాళీ చేయడానికి వేరే ఆప్షన్‌ ఉంది.

అలాగని సింక్‌ దండగ అనడం లేదు. డిస్క్‌ పోయినా, లాప్‌టాప్‌ పోయినా ఫైళ్లు క్షేమం. పైగా వీటన్నిటికీ ఓ చెత్తబుట్ట, కొద్దిపాటి పాత వెర్షన్లు ఉంటాయి. గూగుల్‌ డ్రైవ్‌లోనైనా, పర్సనల్‌ వన్‌డ్రైవ్‌లోనైనా డిలీట్‌ చేసినవి చెత్తబుట్టలో 30 రోజులు ఉంటాయి. అంటే నెల లోపల తెలిసిన తప్పును సరిదిద్దుకోవచ్చు. మార్చిలో ఆడిటర్‌ అడిగే షీట్‌కు ఆ గడువు సరిపోదు.

విండోస్‌ 11 కొత్త లాప్‌టాప్‌ తెరవగానే మీ ఫైళ్లు బ్యాకప్‌ చేయమంటారా అని అడుగుతుంది. చాలామంది సరే అని నొక్కేస్తారు. అప్పుడు జరిగేది ఏమిటంటే, డెస్క్‌టాప్‌, డాక్యుమెంట్స్‌, పిక్చర్స్‌ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌ ఫోల్డర్‌ లోపలికి మారిపోయి సింక్‌ కావడం మొదలవుతుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. నాలుగు పెళ్లి వీడియోలు పడితే అది నిండుతుంది. నిండాక కొత్తవి వెళ్లడం ఆగిపోతుంది. మూలన కనిపించే హెచ్చరికను మనం పట్టించుకోం. తర్వాత ఈ గొడవంతా ఎందుకని ఆ సింక్‌ను ఆపేస్తే డెస్క్‌టాప్‌ ఖాళీగా కనిపించి గుండె ఆగినంత పనవుతుంది. ఫైళ్లు పోయి ఉండవు, వన్‌డ్రైవ్‌ ఫోల్డర్‌ లోపలి డెస్క్‌టాప్‌లో ఉంటాయి. ముందు అక్కడ వెతకండి.

ఇంకోటి. ఆ ఫోల్డర్‌లో ఫైళ్ల పక్కన చిన్న గుర్తులు కనిపిస్తాయి. నీలం మబ్బు బొమ్మ ఉంటే ఆ ఫైలు మీ డిస్క్‌లో లేదని అర్థం. పేరు మాత్రమే ఇక్కడుంది, సరుకు క్లౌడ్‌లో ఉంది. పచ్చ టిక్కు ఉంటేనే ఇక్కడా ఉన్నట్టు. మబ్బు గుర్తున్న ఫోల్డర్‌ మీద రైట్‌క్లిక్‌ చేసి, ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉంచు అన్న ఆప్షన్‌ ఎంచుకుంటే అన్నీ దిగుతాయి. ఎక్స్‌టర్నల్‌ డిస్క్‌ మీదకు బ్యాకప్‌ పెట్టుకునే వాళ్లు ఈ పని ముందే చేసుకోవాలి. లేకపోతే ఫైలు పేరు మాత్రం మిగిలి, లోపలి సరుకు బ్యాకప్‌లోకి చేరకపోవచ్చు.

పాత రూపాలు దాచేవి

అసలు బ్యాకప్‌ అని నేననేది దీన్ని. ఎక్స్‌టర్నల్‌ హార్డ్‌డిస్క్‌ ఒకటి కొని తగిలిస్తే, మారిన ఫైళ్లను మాత్రం ఎప్పటికప్పుడు దాచుకుంటూ, పాత రూపాలను చెరపకుండా ఉంచే ఏర్పాటు. దీనికోసం డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్‌ కొనక్కర్లేదు. కంప్యూటర్‌తోనే వస్తుంది.

యాపిల్‌ వాళ్లు 2007లో తెచ్చిన టైమ్‌ మెషీన్‌ ఈ పనికి ఇప్పటికీ ఒరవడి. గడిచిన 24 గంటలకు గంటకొకటి, గడిచిన నెలకు రోజుకొకటి, అంతకు ముందువి వారానికొకటి చొప్పున ఉంచుతుంది. డిస్క్‌ నిండితే అన్నిటికన్నా పాతవి తీసేస్తుంది. మ్యాక్‌ ఉన్నవాళ్లు డిస్క్‌ తగిలించి, ఎన్‌క్రిప్ట్‌ (పాస్‌వర్డ్‌ లేనిదే ఎవరూ చదవలేకుండా) చేయమని టిక్కు పెట్టి మర్చిపోవచ్చు.

విండోస్‌లో దీనికి దగ్గరగా ఉండేది ఫైల్‌ హిస్టరీ. 2012లో విండోస్‌ 8తో వచ్చింది. విండోస్‌ 11లో దీన్ని సెట్టింగ్స్‌లో వెతికితే దొరకదు, పాత కంట్రోల్‌ ప్యానెల్‌లోకి వెళ్లాలి. గంటకోసారి చూసి, మారిన వాటిని దాస్తుంది. మనం గడువు పెట్టకపోతే పాత వెర్షన్లన్నీ ఉంచుతుంది. దీనిలో మన వాళ్లను ముంచే చిక్కు ఒకటుంది. డెస్క్‌టాప్‌, డాక్యుమెంట్స్‌, పిక్చర్స్‌ లాంటి లైబ్రరీలనే ఇది చూస్తుంది. మనం సగం జీవితం డీ డ్రైవ్‌లో పెట్టుకున్నాంగా, దాన్ని ముట్టుకోదు. డీలో ఉన్న ట్యాలీ ఫోల్డరో, ఫొటోల ఫోల్డరో ఇందులోకి రావాలంటే దాన్ని రైట్‌క్లిక్‌ చేసి ఏదో ఒక లైబ్రరీలో చేర్చాలి. రెండు నిమిషాల పని. అది తెలియక, బ్యాకప్‌ ఆన్‌లోనే ఉందని ధీమాగా ఉన్న ఇళ్లు ఎన్నో.

ఫుల్‌, ఇంక్రిమెంటల్‌, డిఫరెన్షియల్‌ అనే మాటలు వినగానే చాలామందికి టెన్షన్‌. సంగతి చిన్నదే. మీ దగ్గర 200 జీబీ ఉంది, రోజుకు 1 జీబీ మారుతుంది అనుకుందాం. ఫుల్‌ అంటే ప్రతిసారీ 200 జీబీ మొత్తం. ఇంక్రిమెంటల్‌ అంటే ఆదివారం 200, సోమవారం మారిన 1, మంగళవారం మారిన ఇంకో 1. జాగా కలిసొస్తుంది గానీ, శనివారం నాటిది కావాలంటే మధ్యలో ఉన్నవన్నీ బాగుండాలి. గొలుసులో ఒకటి చెడితే దాని తర్వాతివి నమ్మడానికి లేదు. డిఫరెన్షియల్‌లో ప్రతిరోజూ ఆదివారం నుంచి మారినదంతా కలిపి దాస్తుంది, శనివారానికి 6 జీబీ అవుతుంది. అప్పుడు ఆదివారంది, శనివారంది రెండుంటే చాలు. ఈ లెక్కలు సాఫ్ట్‌వేర్‌ చూసుకుంటుంది. మనం గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. జాగా కోసమని బ్యాకప్‌ ఫోల్డర్‌లోకి దూరి ఫైళ్లు చేత్తో తీసేయకూడదు. తీసింది గొలుసులో ఏ ముక్కో మనకు తెలియదు.

మరి, వారానికోసారి చేత్తో కాపీ పేస్ట్‌ చేసే పద్ధతి? చేసేవాళ్లకు దండం. రెండు నెలలు చేస్తారు, మూడో నెల పరీక్షలో పెళ్లో వస్తుంది, అంతటితో సరి. తేదీతో ఫోల్డర్‌ పెట్టుకుని చేస్తే పద్ధతి మంచిదే. మనిషి మీద ఆధారపడటమే దానిలోని ఇబ్బంది.

మొత్తం డిస్క్‌కి నకలు

పై పద్ధతులు ఫైళ్లను కాస్తాయి. విండోస్‌ను, ఎక్కించుకున్న సాఫ్ట్‌వేర్లను, సెట్టింగులను కాయవు. డిస్క్‌ పోయిన రోజున కొత్త డిస్క్‌ వేయించి, విండోస్‌ ఎక్కించి, ప్రింటర్‌ డ్రైవర్ల నుంచి అన్నీ మళ్లీ పెట్టుకోవాలి. అది వద్దనుకుంటే ఇమేజ్‌ తీసుకోవాలి. డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు ఒక పెద్ద ఫైలుగా దాచడం అది. అదే నేరుగా ఇంకో డిస్క్‌ మీదకు దించితే క్లోన్‌. పాత హార్డ్‌డిస్క్‌ తీసి, దానికన్నా వేగంగా పనిచేసే చిప్‌ల డిస్క్‌ అయిన ఎస్‌ఎస్‌డీ వేసేటప్పుడు షాపుల్లో చేసేది క్లోనే.

విండోస్‌లో "విండోస్‌ 7" అని పేరులోనే ఉన్న పాత బ్యాకప్‌ పనిముట్టు ఇప్పటికీ కంట్రోల్‌ ప్యానెల్‌లో ఉంది. దానితో ఇమేజ్‌ తీయొచ్చు. కానీ ఆ ఇమేజ్‌ సదుపాయాన్ని ఇక అభివృద్ధి చేయబోమని మైక్రోసాఫ్ట్‌ 2017లోనే చెప్పేసింది. ఉచితంగా దొరికే వాటిలో వీమ్‌ ఏజెంట్‌ సాఫీగా పనిచేస్తుంది. క్లోన్‌జిల్లా గట్టిదే గానీ, నల్లటి తెర మీద ప్రశ్నలడుగుతుంది. అక్కడ ఏ డిస్క్‌ నుంచి ఏ డిస్క్‌కు అన్నది తారుమారు చేస్తే ఖాళీ డిస్క్‌ వచ్చి అసలు దాని మీద కూర్చుంటుంది.

అందరికీ ఇమేజ్‌ అవసరమా అంటే, కాదు. బ్రౌజరు, ఆఫీసు, వాట్సాప్‌ తప్ప ఏమీ లేని ఇంట్లో విండోస్‌ మళ్లీ ఎక్కించుకోవడం ఒక పూట పని. ఇంట్లో కూర్చుని అకౌంట్స్‌ రాసేవాళ్లకు, డీటీపీ (కంప్యూటర్‌లో పుస్తకాలు, పత్రికలు కూర్చే పని) చేసేవాళ్లకు మాత్రం ఆరు నెలలకోసారి ఇమేజ్‌ ఉండాలి. డీటీపీ వాళ్ల సంగతి ప్రత్యేకం. పదిహేనేళ్ల కిందట పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకం ఫైలు భద్రంగా ఉన్నా, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్‌ అక్షరాలు, గుర్తులు కలగలిసిన గందరగోళం కనిపిస్తుంది. అవి ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగును తెలుగుగానే చూపే యూనికోడ్‌ పద్ధతి ఫాంట్లు కావు. ఫైలుతో పాటు ఫాంట్లు, ఆ సాఫ్ట్‌వేర్‌, టైపింగ్‌కు వాడిన కీబోర్డు మేనేజర్‌ అన్నీ ఉంటేనే అది పుస్తకం. పాత తెలుగు పత్రికల వాళ్లు, కవితా సంపుటాలు వేసుకున్న వాళ్లు ఎంతోమంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఇమేజ్‌ తీయలేకపోతే కనీసం ఫాంట్ల ఫోల్డర్‌ను, ప్రతి పుస్తకానికి ఒక పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకోవాలి.

ఎస్‌ఎస్‌డీ అన్నాను కాబట్టి ఒక మాట. పాత హార్డ్‌డిస్క్‌లో పొరపాటున డిలీట్‌ చేసినవి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలాసార్లు దొరికేవి. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్‌ అనే ఏర్పాటు వల్ల డిలీట్‌ అయిన జాగాను డిస్క్‌ తనంతట తానే తుడిచేస్తుంది. రికవరీ వాళ్లున్నారుగా అనే పాత ధైర్యం ఇప్పుడు చెల్లదు. అలాగే కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉండే పెన్‌డ్రైవ్‌ను, ఎస్‌ఎస్‌డీని దీర్ఘకాలం దాచడానికి నమ్మొద్దు. బ్యాకప్‌కు మామూలు హార్డ్‌డిస్కే నయం, చవక కూడా.

ఇంటి బయట ఒకటి

2017 మే 12న బయటపడ్డ వానాక్రై అనే వైరస్‌ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి, తీయాలంటే బిట్‌కాయిన్లలో 300 డాలర్లు కట్టమంది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఇలాంటి రాన్‌సమ్‌వేర్‌ ఆ క్షణంలో కంప్యూటర్‌కు ఏ డిస్క్‌ తగిలించి ఉంటే దాన్నీ వదలదు. టేబుల్‌ మీద ఎప్పుడూ తగిలించే ఉండే బ్యాకప్‌ డిస్క్‌ దీని ముందు నిలవదు. సింక్‌ ఆన్‌లో ఉంటే తాళం పడ్డ ఫైళ్లే క్లౌడ్‌కూ వెళ్తాయి. అక్కడ పాత వెర్షన్లు దొరికితే అదృష్టం.

అందుకే రెండు డిస్క్‌లు ఉండాలంటాను. ఒకటి తగిలించి ఉండేది, రెండోది తీసి దాచేది. ఆ రెండోది ఇంట్లోనే ఎందుకు? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌ చుట్టుపక్కల ఇళ్లలో గ్రౌండ్‌ఫ్లోర్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఒకే గదిలో ఉన్న లాప్‌టాప్‌కూ, దాని బ్యాకప్‌కూ అలాంటప్పుడు తేడా ఉండదు. రెండో డిస్క్‌ను అక్క ఇంట్లోనో, ఊళ్లో అమ్మవాళ్లింట్లోనో ఉంచి, సంక్రాంతికి ఒకసారి, దసరాకు ఒకసారి వెళ్లినప్పుడు మార్చుకోవచ్చు. మధ్యలో ఒక్కోసారి ఎనిమిది తొమ్మిది నెలల డేటాకు పూచీ ఉండదు, నిజమే. ఆ సందును క్లౌడ్‌ పూడుస్తుంది. బయటికి వెళ్లే డిస్క్‌కు పాస్‌వర్డ్‌ పెట్టి ఎన్‌క్రిప్ట్‌ చేయడం మాత్రం మరవొద్దు. ఆధార్‌, పాన్‌ స్కాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ అందులోనే ఉంటాయి.

మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట. ఈ 3-2-1 లెక్కను ప్రచారంలోకి తెచ్చింది పీటర్‌ క్రోగ్‌ అనే అమెరికన్‌ ఫొటోగ్రాఫర్‌. మూడులో మనం రోజూ వాడే అసలు కాపీ కూడా ఒకటి. కాబట్టి ఇంట్లో ఒక డిస్క్‌, బయట ఒక డిస్కో క్లౌడో ఉంటే లెక్క సరిపోతుంది.

బయట కాపీ అంటే క్లౌడ్‌ ఒక్కటే చాలదా? బ్యాక్‌బ్లేజ్‌ లాంటి అసలైన ఆన్‌లైన్‌ బ్యాకప్‌ సేవలు ఉన్నాయి. అవి సింక్‌ లాంటివి కావు, కంప్యూటర్‌లోని మన ఫైళ్లను వెర్షన్లతో సహా దాస్తాయి. ఇంటి కనెక్షన్‌ చూసుకుని దిగాలి. 40 ఎంబీపీఎస్‌ అప్‌లోడ్‌ ఉంటే 500 జీబీ వెళ్లడానికి ఆపకుండా 28 గంటలు పడుతుంది, పర్లేదు. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్‌ డేటా మీద అయితే 250 రోజులు. ఇక అకౌంటే పోతే? రెండేళ్లు ముట్టని గూగుల్‌ అకౌంట్‌ను తొలగించే హక్కు ఆ సంస్థ అట్టే పెట్టుకుంది. నాన్నగారి పాత జీమెయిల్‌లో ఉన్న ఫొటోల గురించి ఒకసారి ఆలోచించండి. పెద్ద పెద్ద వాళ్ల క్లౌడ్‌ కూడా ఎక్కడో ఒక భవనంలో ఉన్న యంత్రాలే. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌ బ్యాటరీల దగ్గర మొదలైన మంటల్లో తీవ్రంగా దెబ్బతింది. ఉద్యోగుల ఫైళ్లు దాచే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి. దానికి వేరే చోట కాపీ లేదు.

నాస్‌ (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి అందరూ వాడుకునే డిస్క్‌ల పెట్టె), రెయిడ్‌ (ఒకే డేటాను రెండు డిస్క్‌ల మీదా ఒకేసారి రాసే పద్ధతి) అని చెప్పి రెండు డిస్క్‌ల పెట్టె అమ్మజూపే వాళ్లుంటారు. రెయిడ్‌లో ఒక డిస్క్‌ చెడినా పని ఆగదు, నిజమే. డిలీట్‌ మాత్రం రెండిటి మీదా ఒకేసారి జరుగుతుంది. నలుగురైదుగురు వాడే ఇంటికి తప్ప ఆ ఖర్చు వద్దంటాను.

వెనక్కి తెచ్చుకోగలమా

గిట్‌ల్యాబ్‌ అనే సాఫ్ట్‌వేర్‌ సంస్థలో 2017 జనవరి 31న ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశాడు. వాళ్లకు ఐదు రకాల ఏర్పాట్లున్నాయి. తీరా చూస్తే ఏదీ సరిగా పనిచేయడం లేదు. ఆరు గంటల కిందట వేరే పనికోసం తీసిన ఒక కాపీ వాళ్లను కాపాడింది. కంప్యూటర్లే వృత్తిగా ఉన్నవాళ్ల పరిస్థితి అది. మనం చేయాల్సింది చిన్న పరీక్ష. బ్యాకప్‌ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, ఒక పాత ఫొటో, ఒక వీడియో, మొన్న మార్చిన ఒక ఎక్సెల్‌ షీట్‌ రెండు నెలల కిందటి రూపం తెరిచి చూడాలి. వీడియో చివరి దాకా ఆడుతోందా, తెలుగు అక్షరాలు తెలుగుగానే ఉన్నాయా, ఎన్‌క్రిప్షన్‌ పాస్‌వర్డ్‌ మనకు ఇంకా గుర్తుందా.

దీనితో పాటు చూసుకోవాల్సింది బిట్‌లాకర్‌, అంటే విండోస్‌ మన డిస్క్‌కు వేసే తాళం. ఇప్పుడొచ్చే విండోస్‌ 11 లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్‌ అకౌంట్‌తో లాగిన్‌ అయితే డిస్క్‌ దానంతటదే ఎన్‌క్రిప్ట్‌ అవుతుంది. మదర్‌బోర్డు పోయి, డిస్క్‌ మాత్రం తీసి వేరే కంప్యూటర్‌కు పెడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే రిపేరు షాపు వాడే కాదు, మైక్రోసాఫ్ట్‌ కూడా ఏమీ చేయలేదు. ఆ కీ మైక్రోసాఫ్ట్‌ అకౌంట్‌లో డివైసెస్‌ కింద దొరుకుతుంది. మరి అది ఎవరి అకౌంట్‌? కొన్న రోజు కౌంటర్‌ దగ్గరే షాపు కుర్రాడు తన మెయిల్‌ ఐడీతో సెటప్‌ చేసి ఇచ్చిన లాప్‌టాప్‌లు మన ఊళ్లలో కోకొల్లలు. అలాంటి దాని కీ అతని అకౌంట్‌లో ఉంటుంది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌ తెరిచి అక్కడున్న మెయిల్‌ ఐడీ మీదేనో కాదో ఈరోజే చూడండి. కాకపోతే మీ అకౌంట్‌కు మార్చుకుని, కీ మీ దాంట్లో కనిపిస్తోందని తేల్చుకున్నాకే మిగతా బ్యాకప్‌ పనులు మొదలుపెట్టండి.